నరాల డాక్టర్లు ఎందుకు వేసారిపోతున్నారు?

హైదరాబాద్‌లో రాత్రి పదకొండు దాటాక బండి మీద తిరిగేవాళ్లకు ఆ గొట్టం కొత్త కాదు. పోలీసు నోటి దగ్గర పెడతాడు, ఊదమంటాడు. వంద మిల్లీలీటర్ల రక్తంలో 30 మిల్లీగ్రాములకు మించి ఆల్కహాల్ ఉందని తేలితే బండి పక్కన పెట్టాల్సిందే. ఆ తర్వాత కౌన్సెలింగ్, కోర్టు, జరిమానా. 1997లో ఆస్ట్రేలియాలో ఇద్దరు పరిశోధకులు నిద్రలేమిని కూడా ఇదే తూకంలో పెట్టి చూశారు. వరుసగా 17 గంటలు మేలుకున్న మనిషి చేతికీ కంటికీ పొంతన, రక్తంలో 50 మిల్లీగ్రాముల ఆల్కహాల్ ఉన్నవాడి స్థాయికి పడిపోయింది. 24 గంటలు మేలుకున్నవాడు 100 మిల్లీగ్రాముల దగ్గర తేలాడు. మన చట్టం గీసిన గీతకు అది మూడింతలు పైనే.

ఇప్పుడు ముప్పై గంటల డ్యూటీ ముగించుకుని, స్కూటీ తాళం చేతిలో పట్టుకుని ఆస్పత్రి గేటు దాటుతున్న న్యూరాలజీ పీజీని ఊహించుకోండి. ఆమె ఆ గొట్టం ఊదితే సున్నా చూపిస్తుంది, పోలీసు సలాం చెప్పి పంపిస్తాడు. తెల్లవారుజామున నాలుగింటికి ఆమె ఒక పక్షవాతం రోగికి రక్తపు గడ్డ కరిగించే ఇంజెక్షన్ ఇవ్వాలా వద్దా అని తేల్చి వచ్చింది. ఆ లెక్క తప్పితే మెదడులో రక్తస్రావం కావచ్చు. నిద్ర చాలకపోతే మెదడు ఏమవుతుందో అన్ని శాఖల కంటే ఎక్కువ తెలిసినవాళ్లు వీళ్లే. ఫిట్స్ వచ్చే కుర్రాడికి 'రాత్రిళ్లు మేలుకోకు' అని చీటీ మీద రాసిచ్చేదీ వీళ్లే.

డాక్టర్ల అలసట గురించి మాట్లాడితే చాలామందికి చిరాకు. 'లక్షలు సంపాదిస్తారు, ఆ మాత్రం కష్టం ఉండదా' అంటారు. ఆ మాటలో కొంత న్యాయం లేకపోలేదు. అడ్డా మీద పనికోసం నిలబడే కూలీ అలసట మీద ఎవరూ సర్వేలు చేయరు. కానీ ఇక్కడ విషయం జాలి పడాలా వద్దా అన్నది కాదు. ఆ అలసట బిల్లు చివరికి మంచం మీదున్న రోగి దగ్గరికే వస్తుంది. 2004లో అమెరికాలో ఒక ఐసీయూలో జూనియర్ డాక్టర్ల డ్యూటీలను రెండు రకాలుగా మార్చి చూశారు. పాత పద్ధతిలో, అంటే రోజు దాటినా ఆగని డ్యూటీల్లో, తీవ్రమైన వైద్య తప్పిదాలు దాదాపు 36 శాతం ఎక్కువగా జరిగాయి.

మాట సంగతి

పని వల్ల మనిషి లోపల ఖాళీ అయిపోవడాన్ని ఇంగ్లీషులో బర్నౌట్ అంటారు. ఆ మాటను ఈ అర్థంలో 1974లో ప్రచారంలోకి తెచ్చినవాడు హెర్బర్ట్ ఫ్రాయిడెన్‌బర్గర్ అనే మనస్తత్వవేత్త. న్యూయార్క్‌లో ఒక ఉచిత క్లినిక్‌లో పనిచేస్తూ తన తోటివాళ్లలోనూ తనలోనూ చూసినదాన్ని రాశాడు. తర్వాత క్రిస్టినా మస్లాక్ అనే మరో మనస్తత్వవేత్త దానికి కొలిచే పద్ధతి తయారు చేసింది. ఆమె లెక్కలో దీనికి మూడు ముఖాలు. ఒకటి, లోపల తోడుకోవడానికి ఏమీ మిగలకపోవడం. రెండు, ఎదుటి మనిషి మనిషిలా కనిపించకపోవడం. రాములమ్మ అన్న పేరు పోయి 'పద్నాలుగో బెడ్ స్ట్రోక్' మిగలడం. మూడు, తాను చేసేదానివల్ల ఏమీ ఒరగడం లేదనిపించడం.

తెలుగులో దీన్ని పత్రికలు 'తీవ్ర అలసట' అని రాస్తున్నాయి. అది సరిపోదు. అలసట నిద్రపోతే తీరుతుంది. మనకు అంతకంటే మంచి మాట ఎప్పుడో ఉంది: వేసారడం. విసిగి వేసారిపోయాను అంటే ఒళ్లు నొప్పి గురించి కాదు, చేస్తున్న పని మీదే మనసు విరిగిందని అర్థం. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో దీన్ని జబ్బుల జాబితాలో జబ్బుగా చేర్చలేదు, 'వృత్తికి సంబంధించిన పరిస్థితి' అంది. ఈ తేడా చిన్నదిగా కనిపిస్తుంది గానీ మొత్తం వాదన దీని మీదే నిలబడి ఉంది. జబ్బయితే రోగికి మందివ్వాలి. పని వల్ల వచ్చిందయితే పనిని సరిచేయాలి.

ఈ శాఖకే ఎందుకు ఎక్కువ?

అమెరికన్ అకాడమీ ఆఫ్ న్యూరాలజీ 2016లో తన సభ్యులను అడిగింది. జవాబిచ్చిన సుమారు 1,670 మందిలో 60 శాతానికి కనీసం ఒక లక్షణం ఉంది. శిక్షణలో ఉన్న రెసిడెంట్లను విడిగా అడిగితే అది 73 శాతం. వారానికి పనిచేసే గంటలు, ఫోన్ వస్తే లేచి వెళ్లాల్సిన ఆన్‌కాల్ రాత్రులు, చూసే ఓపీ రోగుల సంఖ్య, కాగితాల పని పెరిగినకొద్దీ వేసట పెరిగింది. పక్కన పనికొచ్చే సహాయకులున్నవాళ్లలో, తన పని తీరును తానే నిర్ణయించుకోగలిగినవాళ్లలో, చేసే పనికి అర్థం ఉందనుకునేవాళ్లలో తగ్గింది. ఈ జాబితాలో డబ్బు కంటే ముందు గుమాస్తా కనిపిస్తున్నాడు.

నా ఉద్దేశంలో దీనికి మూలం సమయం. న్యూరాలజీ సమయాన్ని తినే శాస్త్రం. గుండె డాక్టరుకు ఈసీజీ ఉంది. నరాల డాక్టరుకు ఎమ్మారై ఉందని మనం అనుకుంటాం గానీ, మైగ్రేన్ ఏ స్కాన్‌లోనూ కనిపించదు. ఫిట్స్ ఎలా వచ్చాయో చూసినవాళ్లను అడిగి తెలుసుకోవాలి: ముందు చెయ్యి వంకరపోయిందా, కళ్లు ఏ పక్కకు తిరిగాయి, నాలుక కొరుక్కున్నాడా, తర్వాత ఎంతసేపు మత్తుగా ఉన్నాడు. పార్కిన్సన్ రోగిని నాలుగడుగులు నడిపించి, వెనక్కి తిప్పి చూడాలి. సుత్తితో మోకాలు కొట్టాలి, కంటి వెనక చూడాలి. కొత్త రోగిని సరిగా చూడాలంటే అరగంట తక్కువ.

ఇప్పుడు మన ప్రభుత్వ ఆస్పత్రి ఓపీ లెక్క వేయండి. తొమ్మిది నుంచి ఒంటిగంట దాకా 240 నిమిషాలు. ఒక డాక్టరు ముందు ఎనభై మంది వరుస ఉంటే మనిషికి మూడు నిమిషాలు. ఇది అతిశయోక్తి కాదు. దేశదేశాల ప్రాథమిక వైద్యంలో సంప్రదింపు సమయాలను పోల్చిన 2017 నాటి అధ్యయనంలో స్వీడన్‌లో సగటున 22.5 నిమిషాలు, మన దగ్గర సుమారు 2 నిమిషాలు, బంగ్లాదేశ్‌లో 48 సెకన్లు. అరగంట పనిని మూడు నిమిషాల్లో చేయమంటే చేసేవాడికి రెండే దార్లు. పరీక్ష మానేసి నేరుగా స్కాన్ రాయడం, లేదా సాయంత్రం నాలుగు దాకా అన్నం తినకుండా కూర్చోవడం. మొదటిది చేసినవాడికి తన చదువు మీద తనకే సిగ్గు, రెండోది చేసినవాడికి కడుపులో పుండు.

సైనికుల గురించి జొనాథన్ షే అనే మానసిక వైద్యుడు 1990లలో ఒక మాట వాడాడు: నైతిక గాయం. తప్పని తెలిసినదాన్ని చేయాల్సి రావడం వల్ల తగిలే గాయం. 2018లో ఇద్దరు అమెరికన్ డాక్టర్లు మాకు జరుగుతున్నది ఇదే, దీన్ని బర్నౌట్ అనకండి అని వాదించారు. ఓపీ గది తలుపు దగ్గర ఓ గంట నిలబడి చూసినవాళ్లెవరికైనా ఆ వాదన అర్థమవుతుంది.

ఇంకో కారణం కొంచెం విచిత్రమైంది. ఈ శాఖ బాగుపడటమే ఈ శాఖవాళ్ల నిద్ర చెడగొట్టింది. ఒకప్పుడు న్యూరాలజిస్టు అంటే జబ్బు పేరు అందంగా చెప్పి, చేయడానికేమీ లేదని పంపేసేవాడని తోటి డాక్టర్లే ఎగతాళి చేసేవారు. రాత్రి పూట ఆయన్ను లేపడానికి కారణాలు తక్కువ. 1995లో గడ్డ కరిగించే మందు పక్షవాతానికి పనిచేస్తుందని తేలింది, అయితే మూడు గంటల్లోపే ఇవ్వాలి. 2008లో ఆ గడువు నాలుగున్నర గంటలకు పెరిగింది. 2015లో తొడ దగ్గర రక్తనాళం గుండా వెళ్లి గడ్డను లాగేసే పద్ధతి గట్టిపడింది. 2018 నాటికి ఎంచుకున్న కొందరు రోగుల్లో 24 గంటల దాకా చేయొచ్చన్నారు. పెద్ద రక్తనాళం మూసుకుపోయిన పక్షవాతంలో నిమిషానికి దాదాపు 19 లక్షల నాడీకణాలు చనిపోతాయని 2006లో ఒక లెక్క వచ్చింది. ఆ అంకె తలలో ఉన్నవాడు ఫోన్ మోగితే రెండో రింగు దాకా ఆగలేడు.

రోగులకు ఇది వరం. కానీ ఇన్ని గడువులకు తగ్గట్టు మనుషుల సంఖ్య పెరగలేదు. అంటువ్యాధులు కాని మెదడు, నరాల జబ్బుల భారం మన దేశంలో మొత్తం జబ్బుల భారంలో 1990లో 4 శాతం ఉండేది, 2019 నాటికి 8.2 శాతమైంది. అందులో పక్షవాతానిదే మూడో వంతుకు మించిన వాటా. న్యూరాలజిస్టులు ఎక్కువమంది నగరాల్లోనే ఉంటారు కాబట్టి, జిల్లాల్లో ఉండే ఆ ఒక్కరిద్దరి మీదే రాత్రులన్నీ పడతాయి. పక్షవాతం రోగిని నాటుమందు ఊళ్లన్నీ తిప్పి మూడో రోజున తీసుకొచ్చే కుటుంబాలు ఇంకా ఉన్నాయి. గడువు దాటిపోయిందని వాళ్లకు చెప్పాల్సిందీ ఆ డాక్టరే. మాట పడిపోయిన మనిషి కళ్లలోకి చూస్తూ చెప్పాలి.

మన దగ్గర సర్వేలకు అందని డ్యూటీ ఇంకోటుంది, వాట్సాప్. 'డాక్టరుగారూ, మా బావగారి ఎమ్మారై పెట్టాను, ఒక్కసారి చూసి చెప్పండి' అంటూ కిటికీ అద్దానికి ఆనించి తీసిన ఫిల్మ్ ఫోటో వస్తుంది. పెళ్లిలో, గుళ్లో, బాత్‌రూమ్ బయట. అడిగేవాడికి అది ఒక్క ఫోటో. చూసేవాడికి ఆ రోజు పదిహేనోది. చూడకపోతే గర్విష్ఠి, చూసి తప్పు చెబితే నేరస్థుడు.

కాగితాల సంగతి త్వరగా చెప్పేస్తాను. 2016లో అమెరికాలో నాలుగు శాఖల డాక్టర్ల వెంట ఉండి గడియారం పెట్టి చూస్తే, రోగితో గడిపే ప్రతి గంటకూ కంప్యూటర్‌తోనూ బల్లపనితోనూ దాదాపు రెండు గంటలు పోతున్నాయని తేలింది. మన దగ్గర కంప్యూటర్ ఇంకా అంత మింగలేదు. కానీ జీబీఎస్ అనే నరాల జబ్బు వచ్చి కాళ్లూ చేతులూ పడిపోయిన రోగికి లక్షల ఖరీదు చేసే ఇమ్యునోగ్లోబులిన్ మొదలుపెట్టాలంటే బీమా అప్రూవల్ కోసం ఫోటోలు, నోట్సు, మళ్లీ అడిగిన ప్రశ్నకు మళ్లీ జవాబు. ఇది డాక్టరే చేయనక్కర్లేని పని. చేయడానికి వేరే మనిషి లేడు కాబట్టి పీజీ చేస్తుంది.

48 ఎక్కడ, 74 ఎక్కడ

1984లో న్యూయార్క్‌లో లిబ్బీ జియాన్ అనే 18 ఏళ్ల అమ్మాయి ఆస్పత్రిలో చేరిన కొన్ని గంటల్లో చనిపోయింది. ఆమెను చూసిన జూనియర్లు ఎన్నో గంటలుగా డ్యూటీలో ఉన్నారు. తండ్రి పత్రికా రచయిత, ఊరుకోలేదు. ఆ పోరాటం వల్ల 1989లో న్యూయార్క్ రాష్ట్రం, 2003లో దేశం మొత్తం రెసిడెంట్ల పనిని వారానికి 80 గంటలకు కుదించాయి.

మనది చూస్తే ఆశ్చర్యం వేస్తుంది. కాగితం మీద, దేశమంతటికీ వర్తించే నిబంధనలో మనం వాళ్లకంటే ముందూ ఉన్నాం, మెరుగ్గానూ ఉన్నాం. 1992 నాటి కేంద్ర రెసిడెన్సీ ఉత్తర్వు ప్రకారం వారానికి 48 గంటలు, ఏకబిగిన 12 గంటలకు మించకూడదు. దాన్ని ఎవరూ పాటించలేదు. 2024లో వైద్య విద్యార్థుల మానసిక ఆరోగ్యం మీద జాతీయ వైద్య కమిషన్ వేసిన టాస్క్‌ఫోర్స్ 5,337 మంది పీజీలను అడిగింది. వారానికి 60 గంటలు దాటి పనిచేస్తున్నామన్నవాళ్లు 45 శాతం. చావు ఆలోచనలు వచ్చాయన్నవాళ్లు 31.2 శాతం, అంటే ముగ్గురిలో ఒకరికి దగ్గర. ఆ టాస్క్‌ఫోర్స్ సిఫారసు చేసిన పరిమితి: వారానికి 74 గంటలు, ఒక రోజు సెలవు. ముప్పై రెండేళ్ల తర్వాత పరిమితి 26 గంటలు పెరిగింది, దాన్నే మనం సంస్కరణ అంటున్నాం. అయినా 74 అమలైనా చాలనుకునే పీజీలు బోలెడు మంది, అదే అసలు విషాదం.

ఎవరికి చోటు ఉంది?

ఆస్పత్రుల్లో డాక్టర్ల సంక్షేమం ఒక కమిటీకి, సమాన అవకాశాలు ఇంకో కమిటీకి అప్పగిస్తుంటారు. రెండూ ఒకే ముడికి రెండు కొసలు. ఒక ఉదాహరణ.

ఎంబీబీఎస్ అయిదున్నరేళ్లు, ఎండీ మూడేళ్లు, డీఎం న్యూరాలజీ ఇంకో మూడేళ్లు. మధ్యలో ఎంట్రన్సులు, బాండ్ సర్వీసు. ఒక్కసారి కూడా తప్పకుండా సాగినా చేతికి డిగ్రీ వచ్చేసరికి ముప్పై దాటుతుంది. అమ్మాయి అయితే పెళ్లి, పిల్లలు ఈ మూడేళ్లలోనే పడతాయి. డీఎం బ్యాచ్‌లో నలుగురున్నారనుకోండి, ఒక్కొక్కరికి నాలుగు రోజులకో రాత్రి డ్యూటీ. ఒకామె ప్రసూతి సెలవు మీద వెళితే మిగిలిన ముగ్గురికీ మూడు రోజులకోటి. సెలవు ఆమె హక్కు. కానీ ఆ హక్కు ఖర్చును ఆస్పత్రి భరించదు, తోటి పీజీలు భరిస్తారు. వాళ్లు మొహం ముడుచుకుంటారు, ఆమె తప్పు చేసినదానిలా తల దించుకుని తిరుగుతుంది. నలుగురూ మంచివాళ్లే. ఐదో మనిషిని వేయకపోవడమే అసలు తప్పు, ఆ తప్పు చేసినవాడు ఆ గదిలో లేడు.

ఇది ఈనాటి కథ కాదు. శాన్‌ఫ్రాన్సిస్కోలో పుట్టి పారిస్‌లో చదివిన అగస్తా క్లుంప్కే 1880లలో అక్కడి ఆస్పత్రుల్లో ఇంటర్న్‌గా చేరిన తొలి మహిళ. అందుకోసం స్త్రీలను పరీక్షకే రానివ్వని నిబంధనతో పోరాడాల్సి వచ్చింది. భుజం దగ్గరి నరాలు దెబ్బతిని చెయ్యి పనిచేయకపోయే ఒక రకం పక్షవాతానికి ఇప్పటికీ ఆమె పేరే. ప్రసవంలో బిడ్డ చెయ్యి లాగడం వల్ల కొందరికి ఇది వస్తుంది. 1914లో ఆమె పారిస్ న్యూరాలజీ సంఘానికి అధ్యక్షురాలైంది. వందేళ్లు గడిచాక, 2018లో, అమెరికాలో పేరున్న 29 న్యూరాలజీ విభాగాల్లో 1,712 మందిని లెక్కిస్తే ఆడవాళ్లు 31 శాతం, హోదా పెరిగినకొద్దీ ఇంకా తక్కువ. అదే దేశంలో 2016 సర్వేలో వేసట లక్షణాలు ఆడవాళ్లలోనే ఎక్కువగా బయటపడ్డాయి. ఈ రెండు అంకెలనూ విడివిడిగా చదవడం నాకు చేతకాదు.

వైకల్యం విషయంలో మన దేశంలో ఈమధ్యే కొంత కదలిక వచ్చింది. డాక్టరు కావాలంటే రెండు చేతులూ చెక్కుచెదరకుండా ఉండాలన్న పాత నిబంధన ఎందరినో గేటు బయటే ఆపింది. 2024 అక్టోబర్‌లో సుప్రీంకోర్టు, కండరాల క్షీణత జబ్బుతో 88 శాతం వైకల్యం ఉన్న విద్యార్థికి ఎంబీబీఎస్ ప్రవేశం ఇప్పించింది. శాతం చూసి తోసేయకండి, ఏం చేయగలడో చూడండి అన్నది ఆ తీర్పుల సారం. 2025 ఫిబ్రవరిలో ఆ 'రెండు చేతుల' నిబంధననే తప్పుబట్టింది. కండరాల క్షీణత న్యూరాలజీ చూసే జబ్బే కదా. ఆ జబ్బును లోపలి నుంచి తెలిసిన డాక్టరు ఓపీలో ఒకరుంటే రోగికి నష్టమేముంది?

ఇక అమెరికాలో ఉన్న మనవాళ్లు. అక్కడ న్యూరాలజీలో విదేశాల్లో చదివినవాళ్ల వాటా పెద్దది, అందులో తెలుగువాళ్లూ ఉన్నారు. జే-1 వీసా మీద రెసిడెన్సీ చేసినవాళ్లు అది ముగిశాక స్వదేశానికి తిరిగి వచ్చి రెండేళ్లు ఉండాలి, లేదంటే డాక్టర్లు కరవైన ప్రాంతంలో మూడేళ్లు పనిచేయాలి. రెండో దారి పట్టినవాడు ఏ చిన్న పట్నంలోనో ఒక్కడే న్యూరాలజిస్టుగా తేలతాడు. అక్కడ ఆన్‌కాల్ తీసుకోవడానికి రెండో మనిషి లేడు. గంటలు ఎక్కువయ్యాయని గట్టిగా అడగడానికి వీసా అడ్డం. ఆ తర్వాత భారతీయులకు దశాబ్దాల గ్రీన్‌కార్డు వరుస. వేసారిపోయి ఉద్యోగం మానేసే స్వేచ్ఛ కూడా అందరికీ సమానంగా లేదన్నమాట. ఊరికి వచ్చినప్పుడు బంధువులకు కనిపించేది మాత్రం ఇల్లు, కారు.

యోగా క్లాసు చాలదు

ఆస్పత్రులు దీనికి చూపే మొదటి పరిష్కారం దాదాపు ఎప్పుడూ ఒకటే. శనివారం సాయంత్రం యోగా, ధ్యానం, ఒక ప్రేరణాత్మక ఉపన్యాసం. డ్యూటీలో లేనివాళ్లు తప్పక హాజరు కావాలి. అంటే ఉన్న ఒక్క ఖాళీ సాయంత్రమూ పోయింది.

దీని వెనక ఉన్న నమ్మకం డాక్టర్లకు గుండె నిబ్బరం తగ్గిందని. 2020లో అమెరికాలో ఆ నిబ్బరాన్నే కొలిచి చూశారు. మిగతా ఉద్యోగుల కంటే డాక్టర్లలో అది ఎక్కువే ఉంది. నూటికి నూరు మార్కులు వచ్చిన డాక్టర్లలో కూడా 29 శాతం మందికి బర్నౌట్ ఉంది. 2017లో అప్పటిదాకా జరిగిన ప్రయత్నాలన్నీ కలిపి చూసిన విశ్లేషణ, మనిషిని మార్చే కార్యక్రమాల కంటే పని ఏర్పాటును మార్చేవే ఎక్కువ ఫలితమిచ్చాయని చెప్పింది. యోగా మంచిదే. చిల్లుపడ్డ కుండకు ముగ్గు వేయడం కూడా మంచిదే.

పని ఏర్పాటును మార్చడమంటే వేల కోట్ల మాట కానక్కర్లేదు. హిమాచల్ ప్రదేశ్‌లో జిల్లా ఆస్పత్రుల డాక్టర్లు ఫోన్‌లో న్యూరాలజిస్టుతో మాట్లాడి, స్కాన్ చూపించి, పక్షవాతం మందు తామే ఇచ్చే పద్ధతి మొదలైంది. రోగికి కొండదారిలో గంటల ప్రయాణం తప్పింది. కానీ ఫోన్ అవతల ఎప్పుడూ ఒకే మనిషి ఉంటే భారం చోటు మారిందే తప్ప తగ్గలేదు. ఆ ఫోన్ డ్యూటీని వంతులవారీగా పంచి, దాన్ని పనిగంటల్లో లెక్కవేసి, మర్నాడు ఉదయం సెలవిస్తేనే అది ఏర్పాటు అవుతుంది. అలాగే ఫిట్స్ మందులు కొనసాగించే పాత రోగులను శిక్షణ పొందిన నర్సు ముందుగా చూస్తే డాక్టరుకు కొత్త రోగి కోసం పది నిమిషాలు మిగులుతాయి. బీమా కాగితాలకు ఒక గుమాస్తాను పెడితే పీజీకి రోజుకో గంట మిగులుతుంది. వీటిలో ఏదీ ఫోటోకు పనికొచ్చేది కాదు, అందుకే ప్రారంభోత్సవాలు జరగవు.

మిగిలింది ఒక గడ్డు సంగతి. డాక్టరుకు మనసు బాగోకపోతే ఎక్కడికి వెళ్లాలి? 2020 ఏప్రిల్‌లో, కోవిడ్ మొదటి అలలో, న్యూయార్క్ ఎమర్జెన్సీ డాక్టర్ లోర్నా బ్రీన్ తన ప్రాణం తానే తీసుకుంది. వైద్యం తీసుకుంటే లైసెన్సు పోతుందేమోనని భయపడిందని కుటుంబం చెప్పింది. ఆమె పేరుతోనే 2022లో అక్కడ చట్టం వచ్చింది. మన మెడికల్ కాలేజీల్లో భయం ఇంకో రకం. పీజీ వెళ్లాల్సిన సైకియాట్రీ ఓపీ అదే భవనంలో, అదే మెట్లెక్కితే వస్తుంది. అక్కడ చీటీ రాసే కుర్రాడు తన హాస్టల్ పక్కగది వాడు, లోపలున్న ప్రొఫెసరు రోజూ క్యాంటీన్లో తన గైడ్‌తో కలిసి టీ తాగే మనిషి. అందుకే చాలామంది వెళ్లరు, లేదా పక్క ఊళ్లో మారుపేరుతో చూపించుకుంటారు. కాలేజీతో సంబంధం లేని దారి ఒకటి 2022 అక్టోబర్ నుంచి ఉంది: టెలిమానస్, నంబర్ 14416. రోజంతా పనిచేస్తుంది, తెలుగులో మాట్లాడొచ్చు, డబ్బు కట్టక్కర్లేదు. డ్యూటీ రూమ్ గోడ మీద యాంటీబయాటిక్ చార్టు పక్కన ఆ అయిదంకెలూ రాసి పెట్టడానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు.